డెల్టాలో తిప్పిన వేక్‌బోటుని టాహోకి తీసుకెళ్ళాలి. ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపకుండా ఏం చెయ్యాలి?

డెల్టా_పడవ అడిగారు:

అందరికీ నమస్తే. మాది 23 అడుగుల వేక్‌బోట్ (వెనక పెద్ద అల లేపి బోర్డు మీద ఆడుకునే బోటు), వీ-డ్రైవ్ ఇన్‌బోర్డ్, అంటే ఇంజిన్ బోటు లోపలే. అడుగున మూడు హార్డ్ బ్యాలస్ట్ ట్యాంకులు (బరువు కోసం లేక్ నీళ్ళు నింపేవి), వెనకవైపు వాటి మీద అదే పనికి రెండు ఫ్యాట్ శాక్‌లు, అంటే మెత్తటి సంచులు. హీటర్, షవర్ కూడా ఉన్నాయి. ఇప్పటిదాకా కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ చుట్టుపక్కల నదుల డెల్టా నీళ్ళలోనే తిరిగింది. జులై ఆఖరి వారం టాహో లేక్, ఆగస్టులో ఫోల్సమ్ లేక్ అనుకుంటున్నాం.

2024 అక్టోబరులో స్టాక్‌టన్ రేవు దగ్గర గోల్డెన్ మసెల్ (బోట్లకి అంటుకుని కొత్త నీళ్ళలోకి పాకే చిన్న గుల్ల జీవి) బయటపడ్డాక ఒక్కో లేక్‌ది ఒక్కో రూల్ అయిపోయింది. నా సందేహాలు:

1. బోటు పైకి శుభ్రంగానే ఉంది, హల్‌కి (బోటు అడుగు భాగానికి) పాచి కూడా లేదు. అలాంటి దానికి వేడినీళ్ళ డీకాన్ (డీకంటామినేషన్, అంటే ఆ జీవుల్ని చంపేలా కడగడం) ఎందుకు?
2. ఇంట్లో ప్రెషర్ వాషర్ ఉంది. గీజర్ నీళ్ళు పెట్టి నేనే కడిగేసుకుంటే ఒప్పుకుంటారా?
3. బ్యాలస్ట్ పంపులు ఆన్ చేసి ఖాళీ చేస్తే చాలా? ట్యాంకుల్లో కాస్త బ్లీచ్ పోస్తే పీడ పోతుంది కదా?
4. బోటు మీద డీఎంవీ (రిజిస్ట్రేషన్ శాఖ) మసెల్ స్టిక్కర్ ఉంది. అది చూపిస్తే చాలదా?

సీల్‌వైరు రాశారు:

నాలుగోది చిన్నది, ముందు అది తేల్చేద్దాం. ఆ స్టిక్కర్ ఫీజు కట్టినట్టు రసీదు లాంటిది. ఆ డబ్బు మసెల్ నివారణ పనులకి పోతుంది. బోటుని ఎవరో చూశారని గానీ, కడిగారని గానీ దానికి అర్థం లేదు. లేకపోతే ఇబ్బందే గానీ, ఉన్నంత మాత్రాన గేటు తెరుచుకోదు.

ఇక మొదటి ప్రశ్న. మీ బోటుకి సంబంధించి ఇవి రెండు వేరువేరు సమస్యలు, కలిపి చూస్తే గందరగోళం అవుతుంది. బయట అంటుకునే గుల్ల ఒకటి. సన్నటి పోగులతో హల్‌ని, తాడుని, ఇనుముని, ప్లాస్టిక్‌ని దేన్నైనా పట్టుకుంటుంది. అది కంటికి కనపడుతుంది, లేదా వేలికి తగులుతుంది. రెండోది నీళ్ళలో తేలే పిల్లదశ, వెలిజర్ అంటాం. సైజు మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ. నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టినా తేటగానే ఉంటాయి, లోపల అది ఉన్నా సరే. మీ హల్ అద్దంలా మెరిసినా ఇన్‌స్పెక్టర్ భయం మీ ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళ గురించే. చూసి నిర్ధారించుకునే దారి లేదు కాబట్టే వేడి పెట్టడం, లేకపోతే ఎండబెట్టడం.

ఇంకో మాట. మామూలుగా క్వాగా, జీబ్రా మసెల్స్‌కి గుల్ల కట్టుకోవడానికి నీళ్ళలో కాల్షియం బాగా కావాలి. టాహో లాంటి కొండ నీళ్ళలో కాల్షియం తక్కువ కాబట్టి ఎంతో కొంత ధీమా ఉండేది. గోల్డెన్ మసెల్ అంతకంటే తక్కువ కాల్షియంతోనూ బతికేస్తుంది. పైగా అది ఉత్తర అమెరికాలో మొదట దొరికిందే మీరు తిరిగే డెల్టాలో. అందుకే "ఆఖరిసారి ఎక్కడ దింపారు?" అని అడిగినప్పుడు డెల్టా అన్నారంటే, ఇన్‌స్పెక్షన్ వేరే స్థాయిలో జరుగుతుందని ముందే అనుకోండి. దాచకండి. అబద్ధం చెప్పి నీళ్ళు కారుతున్న బోటుతో దొరికితే ఆ రోజుకి పని అయిపోయినట్టే.

టాహోకి 2008 నుంచీ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. 2025 సీజన్ నుంచి, టాహో వాళ్ళు బోటుకీ ట్రైలర్‌కీ కలిపి వేసిన సీలు తెగకుండా ఉన్న బోట్లు తప్ప మిగతా మోటారు బోట్లన్నిటికీ డీకాన్ కూడా తప్పనిసరి చేశారు. అంటే మీరెంత శుభ్రంగా తెచ్చినా వేడినీళ్ళు పడతాయి. "అలాంటప్పుడు నేనెందుకు కష్టపడాలి?" అంటారేమో. శుభ్రంగా, ఖాళీగా, పొడిగా తెస్తే పని తొందరగా అవుతుంది. పాచి, మట్టి, మిగులు నీళ్ళతో తెస్తే ఎక్కువసేపు పడుతుంది, ఖర్చూ పెరగొచ్చు. గుల్ల కనపడిందంటే ఏకంగా వెనక్కే. అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి.

బ్యాలస్ట్ సంగతి. వేక్‌బోట్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పంపు గాలి పీల్చి గరగర శబ్దం చేసినా ట్యాంకు అడుగున లీటర్ల కొద్దీ మిగిలిపోతుంది. నీళ్ళు లాగే గొట్టం అడుగుకి పూర్తిగా ఆనదు, ట్యాంకు అడుగు చదునుగా ఉండదు, హోసులు మధ్యలో కుంగి ఉంటాయి, ఆ వంపుల్లో నీళ్ళు ఆగుతాయి. డెల్టా నుంచి వచ్చే రోజే ఇలా చెయ్యండి:

నీళ్ళలో ఉండగానే మూడు ట్యాంకులూ, రెండు శాక్‌లూ పంపుతో ఖాళీ చెయ్యండి. డెల్టా నీళ్ళు డెల్టాలోకే పోవాలి. ట్రైలర్ ఎక్కించాక ర్యాంపు వాలు మీద ముక్కు పైకి, వెనక కిందికి ఉంటుంది కదా, అక్కడ వెనక పంపులు ఇంకోసారి నడపండి. కానీ ర్యాంపు మీద జనం ఎదురుచూస్తుంటారు, అందరి దారికీ అడ్డం పడకుండా పక్కన చదును నేలకి వెళ్ళి ట్రైలర్ ముక్కుజాకీతో ముక్కు ఎత్తి మళ్ళీ నడపండి. తర్వాత ముక్కు బాగా దించి ముందు ట్యాంకుది నడపండి. ఒక్కో విడతా అర నిమిషం చాలు, పొడిగా పంపు తిప్పుతూ కూర్చోకండి, ఇంపెల్లర్ రకం పంపయితే రబ్బరు కాలిపోతుంది.

ఫ్యాట్ శాక్‌లు బోటులోనే ఉంచి ఆరబెట్టడం అయ్యే పని కాదు. క్విక్ కనెక్ట్ విప్పి బయటికి తీయండి. మూతికి ఎదురు చివర నుంచి చాప చుట్టినట్టు గట్టిగా చుట్టుకుంటూ రండి. ఒక్కసారి చుట్టగానే అయిపోయిందనుకోవద్దు. విప్పి, దులిపి, మళ్ళీ చుడితే ఇంకో గ్లాసుడు వస్తుంది. తర్వాత పరుపులకి గాలి కొట్టే చిన్న బ్లోయరు మూతికి పెట్టి, ఎదురు వైపు మూత తెరిచి, లోపల తేమ వాసన పోయేదాకా వదిలెయ్యండి.

డ్రెయిన్ ప్లగ్గు ర్యాంపు దగ్గరే తీసెయ్యండి, దారంతా ప్లగ్గు లేకుండానే రండి. బిల్జ్‌లో (బోటు లోపలి అడుగు గుంటలో) తడి స్పాంజితో అద్దండి. యాంకర్ పెట్టె, యాంకర్ తాడు, గొలుసు, లైఫ్ జాకెట్లు, ఫెండర్లు, వేక్‌బోర్డ్ బూట్లు, టో రోప్: తడిగా ఉన్నదేదీ మూసిన అరలో పెట్టకండి.

స్పానర్_వెంకీ రాశారు:

సీల్‌వైరు గారు ట్యాంకుల సంగతి చెప్పారు, నేను ఇంజిన్ సంగతి చెప్తాను. వీ-డ్రైవ్ ఉన్నవాళ్ళు పొరపాటు చేసేది ఇక్కడే.

ముందు మీ ఇంజిన్‌ది ఏ కూలింగో చూసుకోండి. రా వాటర్ కూలింగ్ అయితే లేక్ నీళ్ళే బ్లాకులోకి వెళ్ళి తిరుగుతాయి. క్లోజ్డ్ కూలింగ్ అయితే బ్లాకులో కూలెంట్ ఉంటుంది, లేక్ నీళ్ళు హీట్ ఎక్స్చేంజర్ దాకానే. తేడా ఎందుకంటే: రా వాటర్ ఇంజిన్‌లో థర్మోస్టాట్ తెరుచుకునేదాకా బ్లాకులో నీళ్ళు సరిగ్గా మారవు. రెండు నిమిషాలు ఫ్లష్ చేసి ఆపేస్తే పాత నీళ్ళు బ్లాకులో అలాగే కూర్చుంటాయి. ఇంజిన్ వేడెక్కి, గేజు ముల్లు దాని మామూలు చోటుకి వచ్చాక మొదలైనట్టు లెక్కపెట్టుకోండి. డీకాన్ వాళ్ళు కూడా లోపలికి పంపే నీళ్ళ వేడి చూసి వదిలెయ్యరు, ఎగ్జాస్ట్ నుంచి బయటికొచ్చే నీళ్ళ వేడి కొలుస్తారు. లోపలికి 60 డిగ్రీల సెల్సియస్ పోసినా చల్లటి ఇనుప బ్లాకు సగం వేడి మింగేస్తుంది.

వీ-డ్రైవ్‌కి ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట వేలాడే మోటారు) లాగా నీళ్ళ పైపు పెట్టే చెవులు, అదే మఫ్స్, తగిలించడానికి చోటు ఉండదు. హల్ అడుగున నీళ్ళు లాగే రంధ్రానికి కింద నుంచి రబ్బరు గిన్నె లాంటిది ఆనించి కర్రతో నిలబెట్టే ఫ్లషర్ దొరుకుతుంది, ఫేక్-ఎ-లేక్ అని అడగండి. లేదా స్ట్రెయినర్ దగ్గర హోసు విప్పి బకెట్‌లోకి వదిలి, ఇంజినే బకెట్‌లోంచి తాగేలా చెయ్యండి. నాకైతే బకెట్ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు హోసు ప్రెషర్‌తో నీళ్ళు తోస్తే ఎగ్జాస్ట్ నిండి సిలిండర్లలోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఫ్లషరే వాడితే నీళ్ళు వదిలిన వెంటనే ఇంజిన్ స్టార్ట్, ఇంజిన్ ఆపిన వెంటనే నీళ్ళు బంద్.

జెట్ స్కీ ఉన్నవాళ్ళు ఇది చదివి ఇలాగే చెయ్యొద్దు! వాటికి వరస తిరగబడుతుంది. ముందు ఇంజిన్ స్టార్ట్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు బంద్, ఆ తర్వాత ఇంజిన్. చివర్లో కొన్ని సెకన్లు రెండు మూడుసార్లు రేజ్ చేసి పైపుల్లో నీళ్ళు ఊదేయించాలి, అంతకన్నా ఎక్కువసేపు పొడిగా తిప్పొద్దు.

ఔట్‌బోర్డ్ అయితే అదృష్టవంతులు. మోటారు నిటారుగా దించి ఉంచితే లోపలి నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. చాలామంది ట్రైలర్ ఎక్కించగానే మోటారు పైకి లేపి తాళం వేసి వచ్చేస్తారు, ఇన్‌స్పెక్టర్ దించమనగానే జలజలా కారుతుంది. ర్యాంపు పక్కనే పూర్తిగా దించి, కారడం ఆగాక లేపుకోండి.

మీ బోటులో ఖాళీ చెయ్యాల్సినవి, నాకు గుర్తున్నంత వరకు: బ్లాకుకి రెండు వైపులా ఒక్కో డ్రెయిన్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులకి ఒక్కొక్కటి, రా వాటర్ పంపు హోసు, స్ట్రెయినర్ గిన్నె, షవర్ పంపు. కొన్ని మోడళ్ళలో వీ-డ్రైవ్ గేరుబాక్సుకి కూడా లేక్ నీళ్ళే చల్లదనం, దానికి కింద విడిగా ప్లగ్గు ఉంటుంది, అది అందరూ మర్చిపోయేదే. అన్నిటికన్నా దొంగ హీటర్ కోర్. ఇంజిన్ ఖాళీ అయినా డ్యాష్ కింద ఉన్న ఆ చిన్న రేడియేటర్‌లో నీళ్ళు అలాగే ఉంటాయి. ఇంజిన్ దగ్గర దాని రెండు హోసులూ విప్పి, ఒక దాంట్లోకి షాప్ వాక్ (పెద్ద వాక్యూమ్ క్లీనర్) బ్లోయర్ వైపు పెట్టి ఊదండి, రెండో దాంట్లోంచి ఒక లోటాడు నీళ్ళు వస్తాయి. కంప్రెసర్ పెట్టకండి, సన్నటి కోర్ పగులుతుంది.

డ్రెయిన్‌లోంచి నీళ్ళు రాకపోతే ఖాళీ అయిందని సంతోషపడొద్దు. తుప్పు, ఇసుక అడ్డం పడి ఉంటుంది. సన్నటి తీగతో పొడిచి చూడండి. తీసిన ప్లగ్గులన్నీ జిప్ కవర్లో వేసి స్టీరింగ్ చక్రానికి కట్టండి, లేకపోతే టాహోలో దింపిన ఐదు నిమిషాలకి ఇంజిన్ గదిలో చెరువు తయారవుతుంది.

నూటనలభై రాశారు:

రెండో ప్రశ్నకీ, బ్లీచ్‌కీ నేను చెప్తాను.

అసలు లెక్క ఇది: గుల్ల అంటుకునే బయటి భాగాలకి 140 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 60 సెల్సియస్. అది నాజిల్ దగ్గర కాదు, హల్‌ని తాకే చోట. అక్కడ కనీసం 10 సెకన్లు నిలవాలి. బ్యాలస్ట్, లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని ఉంచే తొట్టి), బిల్జ్ లాంటి లోపలి అరలకి 120 ఫారన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్, రెండు నిమిషాలకి పైగా. లోపలికి తక్కువ వేడి ఎందుకంటే 140 పోస్తే పంపుల రబ్బరు, ప్లాస్టిక్ ఫిట్టింగులు దెబ్బతింటాయి. తక్కువ వేడిని ఎక్కువసేపు ఉంచి ఆ లోటు పూడుస్తారు.

ఇప్పుడు ఇంటి ప్రెషర్ వాషర్. ఇళ్ళలో వాడే చాలా ఎలక్ట్రిక్ వాషర్లకి లోపలికి వచ్చే నీళ్ళు 40 సెల్సియస్ దాటకూడదు. దాటితే పంపు సీళ్ళు పోతాయి. సరే, మీది తట్టుకునే రకమే అనుకుందాం. గీజర్ చాలా ఇళ్ళలో 120 ఫారన్‌హీట్ దగ్గర పెట్టి ఉంటుంది. పెంచి 140 చేసినా 40-50 గ్యాలన్ల ట్యాంకు ఎక్కువసేపు రాదు, చివరి సగం గోరువెచ్చగా వస్తుంది. దానికి తోడు గాలిలో చల్లారడం: ఫ్యాన్ నాజిల్‌తో కొడితే ఒక్క అడుగు దూరానికే సుమారు 15-20 ఫారన్‌హీట్ పడిపోతుంది. మీరు 140 అనుకుని కొడుతుంటే హల్ మీద 120 దగ్గరే ఉంటుంది. గుల్ల స్నానం చేసి హాయిగా కూర్చుంటుంది.

స్టేషన్లలో నీళ్ళు వేడి చేసే బర్నర్ ఉన్న యూనిట్ వాడతారు, నీళ్ళు పోసినంతసేపూ వేడి నిలుస్తుంది. వాళ్ళ పని చూస్తే విసుగు పుట్టేంత నెమ్మదిగా ఉంటుంది, అది సరైన పద్ధతే. చేతివెడల్పు చోటు మీద పది లెక్కపెట్టి పక్కకి జరుగుతారు. ప్రొపెల్లర్, షాఫ్ట్, రడర్ లాంటి దళసరి లోహం దగ్గర ఇంకా ఎక్కువసేపు, ఎందుకంటే లోహం వేడిని లాగేస్తుంది. ఎక్కువ ప్రెషర్ గుల్లలు ఊడగొట్టడానికి మాత్రమే, చంపేది వేడి. స్టెర్న్‌డ్రైవ్ బెలోస్ (వెనక డ్రైవ్‌కి ఉండే ముడతల రబ్బరు తొడుగు) మీద, స్టిక్కర్ల అంచుల మీద ఎక్కువ ప్రెషర్ కొట్టనివ్వకండి, చీలిపోతాయి. అక్కడ తక్కువ ప్రెషర్‌తో పారించమని మర్యాదగా అడగండి.

60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లలో చర్మం కాల్చేస్తాయి. ఇంట్లో ఈ ప్రయోగం చెయ్యాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా పక్కన పిల్లలుంటే, దయచేసి వద్దు.

కాబట్టి ఇంట్లో మీరు కడిగింది ముందస్తు శుభ్రతే, డీకాన్ కింద లెక్కకి రాదు. కానీ చెయ్యండి. మామూలు నీళ్ళతో, మురుగు తూములోకి పోకుండా గడ్డి మీద. కార్ వాష్‌కి తీసుకెళ్ళడం కూడా పనికిరాదు, అక్కడి నీళ్ళు ఈ వేడికి దగ్గర్లో కూడా ఉండవు.

బ్లీచ్ విషయం. మసెల్‌కి నచ్చని నీళ్ళు తగిలితే చిప్ప మూసుకుని రోజుల తరబడి అలాగే ఉంటుంది. మీరు ఒక గంట బ్లీచ్ పోసి ఉంచితే చచ్చేది మీ పంపు ఇంపెల్లర్, తుప్పు పట్టేది మీ ఫిట్టింగులు. తర్వాత ఆ నీళ్ళు ఎక్కడ పారబోస్తారు? వెనిగర్, ఉప్పు కూడా అంతే, గ్రూపుల్లో ఫార్వర్డ్ అయ్యే చిట్కాలు. ట్యాంకులో ఏదైనా రసాయనం ఉందని తెలిస్తే స్టేషన్‌లో ఇంకా ఇబ్బంది.

ఎండలో_ఐదు రాశారు:

ఇంత హడావుడి అవసరమా? ఎండాకాలం వేడి, పొడి గాలిలో ఐదు రోజులు పెడితే చాలని ఎన్నోచోట్ల రాస్తారు. సెంట్రల్ వ్యాలీ జులై ఎండ 40 డిగ్రీలు. ఐదు రోజులు ఎందుకు, మూడు చాలు.

సీల్‌వైరు రాశారు:

ఐదు గారూ, మీరు చెప్పింది హల్ బయటి భాగానికి నిజమే. ఎండ నేరుగా తగిలే చోట మసెల్ తొందరగానే ఎండిపోతుంది. కానీ అదే మసెల్ చల్లటి, తేమ ఉన్న చోట వారాల తరబడి బతుకుతుంది. ట్యాంకు లోపల తేమ నూటికి నూరు. బయట 40 డిగ్రీలున్నా లోపల అది కుండలో నీళ్ళు పోసి మూత పెట్టినట్టే. రోజుల లెక్క మొదలయ్యేది బోటు బయటికి తీసిన రోజు నుంచి కాదు, ఆఖరి చుక్క పోయిన గంట నుంచి. బంక్ కార్పెట్ (ట్రైలర్ మీద బోటు ఆనే చెక్కల కార్పెట్) కూడా చూడండి, పైన ఎండినట్టు ఉంటుంది, వేలు గుచ్చితే కింద చెమ్మ.

కొన్ని లేకులు అడిగే 30 రోజుల లెక్క ఆ చల్లటి, తేమ చోట్లని మనసులో పెట్టుకుని వేసిందే. డెల్టా_పడవ గారూ, మీ ఫోల్సమ్ ప్లాన్‌కి ఇక్కడే గండి. ఫోల్సమ్‌లో 2025 ఏప్రిల్ 14 నుంచి ట్రైలర్ మీద వచ్చే బోట్లకీ, మోటారు బోట్లకీ ఇన్‌స్పెక్షన్‌తో పాటు 30 రోజుల క్వారంటైన్ పెట్టారు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక బోటుని ట్రైలర్‌కి కలిపి వైరుతో సీలు వేస్తారు. 30 రోజులు ఆ సీలు తెగకుండా ఉండాలి. మీరు జులై ఆఖర్లో టాహోలో దింపితే ఆ సీలు తెంపాల్సిందే, గడియారం మళ్ళీ సున్నా. టాహో నుంచి 28న వచ్చి 29న సీలు వేయించుకున్నా ఆగస్టు 28 దాకా ఆగాలి. ఆగస్టు ఆఖరి శనాదివారాలు తప్ప మీకు ఖాళీ లేదు. తిరగేసి ఆలోచించండి: ఇప్పుడే సీలు వేయించి ముందు ఫోల్సమ్, తర్వాత టాహో. టాహోకి 30 రోజులు అక్కర్లేదు, డీకాన్ చాలు.

ఒక చోట వేసిన సీలు ఇంకో చోట చెల్లుతుందని అనుకోకండి. ఈ రూల్స్ సీజన్ మధ్యలోనూ మారుతున్నాయి, బయల్దేరే వారం ముందు ఆ లేక్ వాళ్ళ పేజీ ఒకసారి చూడండి.

తెడ్డు_కాయక్ రాశారు:

మోటారు లేని వాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. కాయక్, పాడిల్ బోర్డు వాళ్ళకి చాలాచోట్ల నియమాలు తేలిక, కానీ ప్రమాదం సున్నా కాదు. గాలి కొట్టే కాయక్‌లో అడుగు గుడ్డ తొడుగుకీ, గాలి తిత్తికీ మధ్య నీళ్ళు చేరతాయి. జిప్పు విప్పి, తిత్తి బయటికి లాగి తుడవాలి. గట్టి కాయక్‌లో కాళ్ళు పెట్టుకునే పట్టాల స్క్రూల వెనక, స్కపర్ రంధ్రాల్లో చూడండి. ఫిన్ పెట్టె, లీష్ వెల్‌క్రో ఎప్పుడూ ఆఖర్న ఎండుతాయి. ఒకే రోజు రెండు లేకులు తిరిగే అలవాటు మానుకోండి, లేదా రెండు జతల బూట్లు పెట్టుకోండి.

అక్వేరియం ఉన్నవాళ్ళూ: 2021 మార్చిలో అమెరికా పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే మాస్ బాల్స్‌లో (తొట్లలో వేసే పాచి బంతుల్లో) జీబ్రా మసెల్స్ దొరికాయి. బోటే కానక్కర్లేదు. తొట్టి నీళ్ళు కాలవలో పొయ్యొద్దు.

సూళ్ళూరుపేట_గాలి రాశారు:

ఇది అమెరికా గొడవే అనుకోకండి. అమెరికా ఖండాల వైపు నుంచి వచ్చిన చారు మసెల్, అదే మైటెల్లా, కేరళ అష్టముడి కాయల్ (సముద్రంతో కలిసే ఉప్పునీటి సరస్సు) లోనూ, ఎన్నూరు, పులికాట్ వైపునా పరుచుకుంది. ఎన్నూరు వైపు బురద నేల మీద చాపలా పరుచుకుని రొయ్యలు పట్టేవాళ్ళకి చోటు లేకుండా చేస్తోంది. ఇక్కడ వేడినీళ్ళ స్టేషన్లు పెట్టడం కుదురుతుందా?

సీల్‌వైరు రాశారు:

అక్కడ కథ వేరు అన్నా. అది ఉప్పు కలిసిన నీళ్ళది, సముద్రంతో కలిసి ఉన్న కాయల్. టాహో లాగా వచ్చే దారులకి గేట్లు పెట్టి ఆపే చోటు కాదు. ఓడల హల్, బ్యాలస్ట్ ద్వారా వచ్చేదానికి రేవు దగ్గరే అడ్డుకట్ట ఉండాలి. ఫైబర్ పడవలు ఒక కాయల్ నుంచి ఇంకో దానికి లారీ మీద తరలిస్తే మాత్రం ఈ పద్ధతే పనికొస్తుంది: అడుగు గీకడం, వలలు, తాళ్ళు ఎర్రటి ఎండలో పూర్తిగా ఎండేదాకా ఆగడం. వలే ముఖ్యం, పడవ కంటే వలలో ఎక్కువ దాక్కుంటాయి.

డెల్టా_పడవ రాశారు:

అందరికీ పెద్ద థాంక్స్. వరస మార్చాను, ముందు ఫోల్సమ్ సీలు. మా బోటు మెరీనాలో కట్టి ఉండదు, ఎప్పుడూ ట్రైలర్ మీదే. ఒక్క ప్రశ్న మిగిలింది: హల్ తడిమి చూసేటప్పుడు ఏదైనా తగిలితే అదేమిటో ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత ఏం చెయ్యాలి?

సీల్‌వైరు రాశారు:

ట్రైలర్ మీదే ఉంటే చాలా నయం. వారాల తరబడి నీళ్ళలో కట్టి ఉన్న బోట్లకే గుల్లలు పట్టేది ఎక్కువ.

పొద్దున వెలుతురులో, హల్ పొడిగా ఉన్నప్పుడు, అరచేత్తో కాదు, వేళ్ళ కొసలతో తడమండి. బాగా చిన్నవి కంటికి మచ్చల్లా కూడా కనపడవు, వేలికి మాత్రం ఇసుక కాగితం రాసినట్టు గరుగ్గా ఉంటుంది. మామూలు పాచి జారుతుంది, ఎండిన మట్టి గోరుతో గీకితే పొడి అవుతుంది. గరుగ్గా ఉండి గోటికి రాకపోతే అనుమానించండి. మీ బోటుకి ముఖ్యమైన చోట్లు: నీళ్ళు లాగే రంధ్రాల జాలీల లోపలి అంచు, స్పీడోమీటర్ పిటోట్ గొట్టం, ట్రాన్స్‌డ్యూసర్ వెనక సందు, ట్రిమ్ ట్యాబుల కింద, షాఫ్ట్ స్ట్రట్ హల్‌ని కలిసే మూల, రడర్ పైభాగం, డ్రెయిన్ రంధ్రం చుట్టూ. ట్రైలర్‌లో నంబరు ప్లేటు వెనక, లైట్ల డబ్బాల్లో, బోలు ఇనుప గొట్టాల చివర్లలో చూడండి. ఆ గొట్టాల్లో నీళ్ళు ఆగుతాయి, ముక్కు ఎత్తితే వెనక నుంచి కారతాయి.

గుల్లే అయితే గీకి కింద పారెయ్యొద్దు, ర్యాంపు దగ్గర అసలే వద్దు. ఫొటో తియ్యండి, పక్కన నాణెం పెట్టి. ఎక్కడ దొరికిందో రాసుకోండి. బోటుని ఇంకెక్కడా దింపకుండా స్టేట్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి ఫోన్ చెయ్యండి, మిగతాది వాళ్ళే చెప్తారు. చిప్ప నోరు తెరిచి, ముట్టుకున్నా మూసుకోకుండా ఉంటే చచ్చినట్టే. కానీ చచ్చినదైనా పోగులతో అంటుకునే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్‌కి బతికినదీ చచ్చినదీ ఒక్కటే, బోటు లోపలికి రాదు. కడిగిన తర్వాత కూడా ప్రతి గుల్లనీ, ఆ పోగులతో సహా, ఊడదీయించుకునే రండి.

స్పానర్_వెంకీ రాశారు:

ఒకటి మర్చిపోయాను. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళేటప్పుడు ఇంజిన్ గది తెరిచే తాళం చెవి, సీట్ల కింది అరల తాళాలు, బ్యాలస్ట్ పంపుల ఫ్యూజులు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి. వేడినీళ్ళు ట్యాంకులోకి పోశాక వాటిని బయటికి తోడాల్సింది మీ పంపులే. అక్కడ బ్యాటరీ దిగిపోతే అంత నీళ్ళూ లోపలే ఉండిపోతాయి, వెనక లైనులో ఇరవై బోట్లు హారన్ కొడుతుంటాయి.